టెర్మినల్‌లో ట్రాష్: తీసేసిన ఫైళ్లను వెతకడం, వెనక్కి తేవడం, ఖాళీ చేయడం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్త విండోస్ ఎక్కని పాత కంప్యూటర్లను పక్కన పడేయడం ఇష్టం లేక హనుమకొండ, కాజీపేట వైపు నాకు తెలిసిన నెట్ సెంటర్ల వాళ్లు, ఫొటో స్టూడియోల వాళ్లు కొందరు వాటిలో విండోస్ బదులు ఉబుంటు, లైనక్స్ మింట్ అనే లైనక్స్ రకాలు వేసుకున్నారు. వేసుకున్న కొద్ది రోజులకే టెర్మినల్, అంటే ఆదేశాలు కొట్టి పని చేయించుకునే కిటికీ, అలవాటవుతుంది. వేల ఫొటోలున్న ఫోల్డర్లను మౌస్‌తో సర్దడం కన్నా నాలుగు ఆదేశాలు కొట్టడం తేలిక కదా.

చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. మౌస్‌తో డిలీట్ కొడితే ఫైలు ట్రాష్‌లో పడుతుంది. టెర్మినల్‌లో ఆర్ఎమ్ కొడితే ట్రాష్‌లో పడదు, నేరుగా పోతుంది. కానీ ట్రాష్ అనేది మౌస్ వాడేవాళ్ల సొత్తు ఏమీ కాదు. టెర్మినల్ నుంచి కూడా ఫైళ్లను అదే ట్రాష్‌లో వేయొచ్చు, వెతకొచ్చు, వెనక్కి తేవచ్చు, మనకు కావాల్సినప్పుడు ఖాళీ చేయొచ్చు. ఇవన్నీ మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. ఆదేశాలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను, కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఆర్ఎమ్, డీయూ, ఎల్ఎస్ లాంటివి విడి అక్షరాలు. ట్రాష్, పుట్, లిస్ట్ లాంటివి పూర్తి మాటలు. హైఫన్, చుక్క, కొటేషన్ గుర్తులు నేను పెట్టిన చోటే పెట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను.

ఆర్ఎమ్ కొడితే ఏమవుతుంది

ఆర్ఎమ్ 1971 నాటి మొదటి యూనిక్స్‌లోనే ఉంది. అప్పటికి తెర మీద బొమ్మలూ లేవు, చెత్తబుట్టా లేదు. ఫోల్డరులో ఉన్న ఫైలు పేరును కొట్టేయడం, ఆ ఫైలుకు ఇంకే పేరూ మిగలకపోతే అది ఆక్రమించిన జాగాను ఖాళీ అని గుర్తుపెట్టడం, అంతవరకే దాని పని. ఆ జాగాలో ఇంకో ఫైలు వచ్చి కూర్చునే దాకా పాత డేటా డిస్కు మీద ఉండొచ్చు. కానీ దాన్ని బయటికి తీయడం చాలా కష్టం, ఎస్ఎస్‌డీలో అయితే దాదాపు అసాధ్యం. అందుకే ఆర్ఎమ్‌తో పోయిన ఫైలును పోయినట్టే లెక్కేసుకోవాలి.

ట్రాష్ లోపల ఏముంటుంది

దీని మీద కాస్త సమయం పెట్టండి. ఇది అర్థమైతే తర్వాత వచ్చే ఆదేశాలను బట్టీ పట్టే పనుండదు.

లైనక్స్ తెరను నడిపే గ్నోమ్, కేడీఈ, ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి డెస్క్‌టాప్‌లన్నీ ట్రాష్ విషయంలో ఒకే ఒప్పందాన్ని పాటిస్తాయి. ఫ్రీడెస్క్‌టాప్ సంస్థ దగ్గర ఈ ప్రమాణం మొదటి ముసాయిదా 2004లో తయారైంది, 1.0 రూపం 2014లో వచ్చింది. దాని ప్రకారం మీ ట్రాష్ ఇక్కడ ఉంటుంది:

~/.లోకల్/షేర్/ట్రాష్

~ అంటే మీ హోమ్ ఫోల్డర్. ట్రాష్ మాటలో మొదటి అక్షరం పెద్దది. లోకల్ ముందు చుక్క ఉంది కాబట్టి ఈ ఫోల్డర్ మామూలుగా కనబడదు, ఎల్ఎస్ -ఏ కొడితే కనబడుతుంది. ట్రాష్ లోపల రెండు ఫోల్డర్లుంటాయి: ఫైల్స్, ఇన్ఫో. తీసేసిన ఫైలు ఫైల్స్‌లోకి వెళ్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు తీసేశారు అనే వివరం ఇన్ఫోలో అదే పేరుతో, చివర .ట్రాష్‌ఇన్ఫో అని ఉన్న చిన్న ఫైలుగా చేరుతుంది. దీన్నే చీటీ అంటున్నాను. మేడారం జాతర ఫొటోల్లో ఒకదాన్ని పారేశారనుకోండి. దాని చీటీ తెరిస్తే మూడే వరుసలుంటాయి:

[ట్రాష్ ఇన్ఫో]
పాత్=/హోమ్/స్టూడియో/మేడారం/గద్దెలు-12.జేపీజీ
డిలీషన్‌డేట్=2026-02-03టీ18:42:10

ట్రాష్ నడిచేదంతా ఈ మూడు వరుసల మీదే. వెనక్కి తెచ్చేటప్పుడు ఫైలు ఎక్కడికి వెళ్లాలో రెండో వరుస చెబుతుంది. 30 రోజులు దాటినవి తీసేయమంటే మూడో వరుసలోని తేదీ చూసే లెక్క వేస్తుంది. ఫైలు ఎప్పుడు తయారైందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. 2019 నాటి ఫొటోను ఇవాళ పారేస్తే దాని 30 రోజుల గడువు ఇవాళ్టి నుంచే.

ఈ అమరిక నుంచి రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, ఫైలును ఎంవీ ఆదేశంతో నేరుగా ఫైల్స్ ఫోల్డరులోకి జరపొద్దు. దానికి చీటీ ఉండదు, జాబితాలో కనబడదు, వెనక్కి తేవడానికి దారి తెలియదు. ఖాళీ చేసే సాధనం దాన్ని అనాథ ఫైలుగా లెక్కేసి తీసేస్తుంది. రెండోది, ఫైలును ట్రాష్‌లో వేయడమంటే అదే డిస్కులో దాని చోటు మార్చడమే. అందుకే 40 జీబీ ఫోల్డరైనా కళ్లు మూసి తెరిచేలోపు ట్రాష్‌లోకి వెళ్లిపోతుంది. అందుకే డిస్కులో ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాదు. జాగా కోసమే తీసేస్తున్నట్టయితే ట్రాష్ ఖాళీ చేసేదాకా పని పూర్తయినట్టు కాదు.

సాధనం ఎక్కించుకోవడం

నేను వాడేది, మీకూ వాడమని చెప్పేది ట్రాష్-సీఎల్ఐ. ఆండ్రియా ఫ్రాన్సియా పైథాన్‌లో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పైన చెప్పిన ఒప్పందాన్నే పాటిస్తుంది కాబట్టి టెర్మినల్‌లో పారేసింది ఫైల్ మేనేజర్ ట్రాష్‌లో కనబడుతుంది, అక్కడ పారేసింది ఇక్కడా కనబడుతుంది. ఉబుంటు, మింట్, డెబియన్‌లలో:

సుడో ఏపీటీ అప్‌డేట్
సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ట్రాష్-సీఎల్ఐ

సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపడం, ఏపీటీ అంటే సాఫ్ట్‌వేర్ ఎక్కించే సాధనం. ఫెడోరా వాడేవాళ్లు రెండో వరుస ఒక్కటే, ఏపీటీ బదులు డీఎన్ఎఫ్ పెట్టి కొడితే చాలు. దీంతో ఐదు ఆదేశాలు వస్తాయి: ట్రాష్-పుట్ పారేస్తుంది, ట్రాష్-లిస్ట్ చూపిస్తుంది, ట్రాష్-రీస్టోర్ వెనక్కి తెస్తుంది, ట్రాష్-ఎంప్టీ ఖాళీ చేస్తుంది, ట్రాష్-ఆర్ఎమ్ ట్రాష్‌లో ఉన్నవాటిలో కొన్నింటినే ఏరి తీసేస్తుంది. పాత ఉబుంటులో పాత వెర్షనే వస్తుంది, కొన్ని ఆప్షన్లు దాంట్లో ఉండవు. నేను చెప్పిన ఆప్షన్ పనిచేయకపోతే ఆ ఆదేశం పక్కన --హెల్ప్ కొట్టి ఏమేం ఉన్నాయో చూసుకోండి.

పారేయడం

ట్రాష్-పుట్ గద్దెలు-12.జేపీజీ

ఇంతే. సరిగా జరిగితే తెర మీద ఏమీ రాదు. ఫోల్డర్ మొత్తాన్ని పారేయాలన్నా ఇదే ఆదేశం, ఆర్ఎమ్‌కు పెట్టినట్టు -ఆర్ పెట్టక్కర్లేదు. ఒకేసారి ఎన్ని పేర్లయినా ఇవ్వొచ్చు.

ఫైలు పేరులో ఖాళీలుంటే పేరు మొత్తాన్ని కొటేషన్లలో పెట్టండి. మన దగ్గర స్కాన్ ఫైళ్లకు "రేషన్ కార్డు కొత్తది ఫైనల్" లాంటి పేర్లు పెట్టే అలవాటుంది. కొటేషన్లు లేకుండా కొడితే టెర్మినల్ దాన్ని నాలుగు ఫైళ్ల పేర్లుగా చదువుతుంది. వాటిలో ఏదో ఒక పేరుతో నిజంగానే ఫైలుంటే అది కూడా ట్రాష్‌లోకి వెళ్తుంది. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరును టెర్మినలే సరిగా నింపుతుంది. అన్నిటికన్నా నమ్మకమైన దారి అదే. పేరు హైఫన్‌తో మొదలైతే దాన్ని ఆప్షన్ అనుకుంటుంది కాబట్టి ముందు రెండు హైఫన్లు విడిగా పెట్టండి:

ట్రాష్-పుట్ -- -పాతది.పీడీఎఫ్

నక్షత్రం గుర్తు వాడేటప్పుడు ఒక పద్ధతి పాటించండి. ముందు అదే నమూనాను ఎల్ఎస్‌కు ఇవ్వండి:

ఎల్ఎస్ మేడారం/బ్లర్*.జేపీజీ

వచ్చిన జాబితా కళ్లారా చూసుకుని, పై బాణం నొక్కి, ఎల్ఎస్ తీసేసి అదే చోట ట్రాష్-పుట్ రాయండి. నమూనా మళ్లీ కొట్టే పనుండదు కాబట్టి తప్పు దొర్లే అవకాశమూ ఉండదు.

లోపలి ఫోల్డర్లన్నిటిలో ఉన్నవాటిని ఒకేసారి పారేయాలంటే ఫైండ్ తోడు తీసుకోవాలి:

ఫైండ్ . -నేమ్ '*.టీఎంపీ' -ఎగ్జెక్ ట్రాష్-పుట్ {} +

ఎగ్జెక్ అన్నది ఇంగ్లిష్‌లో నాలుగు అక్షరాలు: ఈ, ఎక్స్, ఈ, సీ. ఇక్కడ కూడా ముందు -నేమ్ దాకా మాత్రమే కొట్టి ఏమేం దొరుకుతున్నాయో చూడండి. జాబితా సరిగ్గా ఉందనుకున్నాకే మిగతాది జోడించండి.

సుడో పెట్టి ట్రాష్-పుట్ వాడితే ఫైలు మీ ట్రాష్‌లోకి రాకుండా రూట్ (అడ్మిన్ ఖాతా) ట్రాష్‌లోకి పోతుంది. అంటే /రూట్ కింద ఉండే .లోకల్/షేర్/ట్రాష్. తర్వాత ఎంత వెతికినా మీ ట్రాష్‌లో కనబడదు, వెతకడానికి కూడా సుడో పెట్టాల్సి వస్తుంది. ఈ సంగతి తెలియక ఫైలు మాయమైందని కంగారు పడేవాళ్లున్నారు.

చూడటం, వెతకడం, తెలుగు పేర్ల చిక్కు

ట్రాష్-లిస్ట్

తీసేసిన తేదీ, సమయం, ఫైలు ఉన్న పాత చోటు వరుసగా వస్తాయి. జాబితా పొడుగ్గా ఉంటే గ్రెప్‌తో వడగట్టండి:

ట్రాష్-లిస్ట్ | గ్రెప్ మేడారం

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకు మూడు సంగతులు చెప్పాలి. ఇంగ్లిష్ మార్గదర్శుల్లో ఇవి దొరకవు.

మొదటిది. చాలా టెర్మినల్ కిటికీలు తెలుగు ఒత్తులను, గుణింతాలను సరిగా చూపలేవు. అక్షరాలు విడిపోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కనబడతాయి. ఫైలు పేరు చెడిపోయిందని భయపడకండి, చూపించడంలోనే లోపం. అదే పేరు ఫైల్ మేనేజర్‌లో చక్కగా ఉంటుంది.

రెండోది. చీటీలో తెలుగు పేరు తెలుగులో ఉండదు, పైన చదవడానికి వీలుగా అలా రాశాను. ఒప్పందం ప్రకారం చోటును % గుర్తుల రూపంలోకి మార్చి రాయాలి. ఖాళీ ఉన్నచోట %20 వస్తుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు సంకేతానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు % కలుపుకుని మూడు గుర్తులు. "మేడారం" అనే మాటలో సంకేతాలు ఆరు: మ, ఏత్వం, డ, దీర్ఘం, ర, సున్న. చీటీలో అది 54 గుర్తుల వరుసగా మారుతుంది. చీటీని నేరుగా తెరిస్తే ఏమీ అర్థం కానిది అందుకే. ట్రాష్-లిస్ట్ దాన్ని మళ్లీ తెలుగులోకి మార్చి చూపిస్తుంది, కాబట్టి వెతుకులాటంతా దాని ద్వారానే చేయండి. మామూలుగా లైనక్స్‌లో వాడే ఎక్స్‌ట్-4 ఫైల్‌సిస్టంలో పేరు 255 బైట్లు దాటకూడదు. అంటే తెలుగులో 85 సంకేతాలే, గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. కవర్ పేజీ మీది శీర్షిక మొత్తాన్ని ఫైలు పేరుగా పెట్టే అలవాటుంటే తగ్గించుకోండి.

మూడోది అన్నిటికన్నా తిప్పలు పెడుతుంది. "ఆల్బమ్‌లు" అని రాసేటప్పుడు పొల్లు మకారానికి, "లు"కు మధ్య కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. అది లేకపోతే లకారం మకారం కింద ఒత్తుగా చేరిపోతుంది. కొన్ని కీబోర్డులు ఆ గుర్తును వాటంతటవే పెడతాయి, కొన్నింటిలో మనమే పెట్టాలి. ఫైలు పేరులో ఆ గుర్తు ఉండి, గ్రెప్‌కు ఇచ్చిన మాటలో లేకపోతే ఫలితం రాదు. పై జాబితాలో ఫైలు కళ్లెదురుగా కనబడుతూనే ఉంటుంది! అందుకే తెలుగు పేరును వెతికేటప్పుడు మాట మొత్తం ఇవ్వొద్దు. పొల్లు రాని ముక్క, "ఆల్బ" లాంటిది, ఇవ్వండి. లేదా తేదీతో వెతకండి:

ట్రాష్-లిస్ట్ | గ్రెప్ 2026-02-03

వెనక్కి తేవడం

ట్రాష్-రీస్టోర్ మీరు ఏ ఫోల్డరులో నిలబడ్డారో చూస్తుంది. అక్కడి నుంచి, దాని లోపలి ఫోల్డర్ల నుంచి పోయినవే చూపిస్తుంది. కాబట్టి ముందు ఫైలు ఉన్న పాత చోటికి వెళ్లండి:

సీడీ ~/మేడారం
ట్రాష్-రీస్టోర్

ఇలా వస్తుంది:

0 2026-02-03 18:42:10 /హోమ్/స్టూడియో/మేడారం/గద్దెలు-12.జేపీజీ
1 2026-02-03 18:44:31 /హోమ్/స్టూడియో/మేడారం/జంపన్నవాగు-03.జేపీజీ
2 2026-02-05 11:09:57 /హోమ్/స్టూడియో/మేడారం/జంపన్నవాగు-03.జేపీజీ

కింద ఏ ఫైలు కావాలని అడుగుతుంది. అంకె కొట్టి ఎంటర్ నొక్కితే ఫైలు పాత చోటికి వచ్చేస్తుంది, ట్రాష్‌లోని చీటీ కూడా పోతుంది. రెండు మూడు కావాలంటే కామాలతో, వరుసగా ఉన్నవైతే 0-2 అని ఇవ్వొచ్చు. ఏదీ వద్దనుకుంటే ఉత్తి ఎంటర్ నొక్కి బయటపడండి. తెలుగు పేర్లున్నవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. పేరు కొట్టే పనే లేదు, అంకె చాలు.

పై జాబితాలో 1, 2 ఒకే పేరుతో ఉన్నాయి చూడండి. ఒకసారి పారేశారు, మళ్లీ అదే పేరుతో ఇంకో ఫొటో వచ్చింది, దాన్నీ పారేశారు. ట్రాష్‌లో రెండూ భద్రంగానే ఉంటాయి, రెండోదానికి లోపల _1 లాంటి తోక తగిలిస్తారంతే. ఏది కావాలో తేదీ చూసి తేల్చుకోవాలి. రెండింటినీ ఒకేసారి తెమ్మంటే రెండోది రాదు. పాత చోటులో ఆ పేరుతో ఫైలు ఉంటే దాని మీద రాయడానికి ట్రాష్-రీస్టోర్ ఒప్పుకోదు. ఒకటి తెచ్చాక ఎంవీతో దాని పేరు మార్చి, అప్పుడు రెండోది తెచ్చుకోండి. --ఓవర్‌రైట్ అనే ఆప్షన్ ఉంది గానీ దాని జోలికి పోకపోవడమే మంచిది. దాంతో చెరిగిపోయినది ట్రాష్‌లోకి కూడా వెళ్లదు.

పాత ఫోల్డరే ఇప్పుడు లేకపోతే? సాధనం దాన్ని మళ్లీ తయారుచేసి అందులో పెడుతుంది. ఫైలు ఏ ఫోల్డరులో ఉండేదో గుర్తులేకపోతే ట్రాష్-రీస్టోర్ / అని కొట్టండి, అన్నీ చూపిస్తుంది.

పెన్‌డ్రైవ్ ఖాళీ కావట్లేదంటే

"తమ్మీ, పెన్‌డ్రైవ్‌ల ఉన్న ఫొటోలన్నీ డిలీట్ చేసిన. అయినా ఫుల్ అంటుంది. ఖరాబైందా ఏంది?"

"ఖరాబు కాలేదన్నా, డిలీట్ చేసినవి ఆ పెన్‌డ్రైవ్‌లనే ఉన్నయ్."

స్టూడియోల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. పెన్‌డ్రైవ్‌లో, మెమరీ కార్డులో, ఇంకో హార్డ్‌డిస్కులో ఉన్న ఫైలును పారేస్తే అది మీ హోమ్‌లోని ట్రాష్‌కు రాదు. అలా రావాలంటే ఫైలును ఒక డిస్కు నుంచి ఇంకోదానికి కాపీ చేయాలి, దానికి బోలెడు సమయం పడుతుంది. అందుకని ఏ డిస్కుకు ఆ డిస్కులోనే ట్రాష్ తయారవుతుంది. దాని పేరు .ట్రాష్-1000, ఇక్కడా మొదటి అక్షరం పెద్దది. 1000 అన్నది మీ యూజర్ అంకె. ఉబుంటు, మింట్‌లలో మొదట తయారైన యూజర్‌కు అదే వస్తుంది. మీ అంకె తెలియాలంటే ఐడీ -యూ కొట్టండి. చుక్కతో మొదలయ్యే పేరు కాబట్టి లైనక్స్‌లో కనబడదు. అదే పెన్‌డ్రైవ్‌ను ఎవరో విండోస్‌లో పెడితే మామూలు ఫోల్డర్‌లా కనబడుతుంది, వైరస్ అనుకుని కంగారు పడతారు.

ఎంత జాగా తింటోందో ఇలా చూడండి:

డీయూ -ఎస్‌హెచ్ /మీడియా/స్టూడియో/పెన్‌డ్రైవ్/.ట్రాష్-1000

ఆ ఒక్కదాన్నే ఖాళీ చేయాలంటే:

ట్రాష్-ఎంప్టీ --ట్రాష్-డిర్=/మీడియా/స్టూడియో/పెన్‌డ్రైవ్/.ట్రాష్-1000

పెన్‌డ్రైవ్ పెట్టి ఉండగానే ఇది చేయాలి. పీకేశాక ట్రాష్-లిస్ట్‌లో దాని ఫైళ్లు కనబడవు, మళ్లీ పెట్టాకే కనబడతాయి. విండోస్ తన రీసైకిల్ బిన్‌ను వేరే ఫోల్డరులో, వేరే పద్ధతిలో దాస్తుంది కాబట్టి అందులో ఉన్నవి ట్రాష్-లిస్ట్‌కు తెలియవు.

ఖాళీ చేయడం

ముందు బరువు చూసుకోండి:

డీయూ -ఎస్‌హెచ్ ~/.లోకల్/షేర్/ట్రాష్

ఉత్తి ట్రాష్-ఎంప్టీ కొడితే హోమ్ ట్రాష్‌తో పాటు ఆ క్షణంలో పెట్టి ఉన్న ప్రతి డిస్కులోని మీ ట్రాష్ కూడా ఖాళీ అవుతుంది. కస్టమర్ పెన్‌డ్రైవ్ మీ కంప్యూటర్‌కు పెట్టి ఉంటే దానిదీ పోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి. కొత్త వెర్షన్లు ఏమేం ఖాళీ అవుతాయో చూపించి ఒకసారి అడుగుతాయి. అడిగినప్పుడు ఆ జాబితా చదవండి, చేతి అలవాటుగా వై నొక్కొద్దు. ఏం పోతాయో ముందే చూడాలంటే --డ్రై-రన్ ఉంది.

నేను సిఫారసు చేసేది రోజులు ఇచ్చే రూపం:

ట్రాష్-ఎంప్టీ 30

పారేసి 30 రోజులైనవి పోతాయి, ఈమధ్య పారేసినవి ఉంటాయి. పెళ్లి ఆల్బమ్ పని చేసే స్టూడియోకు 30 సరిపోదని నా అభిప్రాయం. ఫొటోలు ఎంచుకోవడానికే ఇంటివాళ్లు నెలలు తీసుకుంటారు. "ఆ తీసేసిన ఫొటోలో మా మేనత్త ఉంది, అది కావాలి" అని తీరా వచ్చి అడుగుతారు. జాగా ఉంటే 120 పెట్టుకోండి. ఉత్తరాలు, దరఖాస్తులు మాత్రమే ఉండే ఇంటి కంప్యూటర్‌కు 30 చాలు.

ట్రాష్‌లో కొన్నిటినే తీసేయాలంటే ట్రాష్-ఆర్ఎమ్:

ట్రాష్-ఆర్ఎమ్ '*.ఎంపీ4'

కొటేషన్లు తప్పనిసరి. అవి లేకపోతే నక్షత్రాన్ని టెర్మినల్ ముందే విప్పేస్తుంది, మీరున్న ఫోల్డరులోని పేర్లు ఆదేశానికి వెళ్తాయి. ఇది అడగదు, చెప్పిన వెంటనే తీసేస్తుంది. అందుకని అదే ముక్కతో ట్రాష్-లిస్ట్, గ్రెప్ నడిపి చూశాకే దీన్ని కొట్టండి.

నెట్ సెంటర్ వాళ్లకు ప్రత్యేకంగా

ఇక్కడి దాకా ట్రాష్‌ను రక్షణగా చూశాం. నెట్ సెంటర్‌లో అదే ట్రాష్ ప్రమాదం కూడా అవుతుంది. రోజంతా మనుషులు వచ్చి ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్, పదో తరగతి మెమో స్కాన్ చేయించుకుని, దరఖాస్తు పెట్టించుకుని వెళ్తారు. సాయంత్రం అవన్నీ డిలీట్ చేసి డెస్క్‌టాప్ శుభ్రమైందనుకుంటాం. ఎక్కడి నుంచి వచ్చాయో, ఏ నిమిషంలో తీసేశామో చీటీలతో సహా అవన్నీ ట్రాష్‌లో ఉంటాయి. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా తెరిచి చూడొచ్చు. నమ్మి కాగితం చేతికిచ్చిన మనిషి పట్ల అది పెద్ద నిర్లక్ష్యం. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది.

కాబట్టి కస్టమర్ కాగితాలను మీ సొంత ఫైళ్లతో కలపొద్దు. వాటికి ఒక విడి ఫోల్డర్ పెట్టండి, కస్టమర్ అనుకుందాం. స్కానర్ నుంచి వచ్చేవన్నీ అందులోకే వచ్చేలా స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోండి. ఆ ఫోల్డరుకు ట్రాష్ అక్కర్లేదు. దుకాణం కట్టేసే ముందు, ఎల్ఎస్‌తో ఒకసారి చూసుకుని, అక్కడ నేరుగా ఆర్ఎమ్ వాడండి:

ఎల్ఎస్ ~/కస్టమర్
ఆర్ఎమ్ -ఆర్ ~/కస్టమర్/*

నక్షత్రం ముందు ఖాళీ పడిందంటే మీరున్న ఫోల్డరంతా పోతుంది. ఎంటర్ నొక్కేముందు ఆ ఒక్క చోట వేలు పెట్టి మరీ చూడండి. ఇప్పటికే ట్రాష్‌లో చేరినవి ఉంటే:

ట్రాష్-లిస్ట్ | గ్రెప్ ఆధార్
ట్రాష్-ఆర్ఎమ్ '*ఆధార్*'

ఆర్ఎమ్‌తో తీసేసినా, ట్రాష్ ఖాళీ చేసినా డేటా డిస్కు మీద నుంచి చెరిగిపోయిందని హామీ లేదు. ఎస్ఎస్‌డీలో ఒక్కో ఫైలును పట్టుకుని చెరిపే సాధనాల మీద కూడా ఆధారపడలేం. కొత్తగా లైనక్స్ వేసేటప్పుడే డిస్కు ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే, రేపు ఆ డిస్కును ఎవరికి అమ్మినా లోపలిది చదవలేరు. వీలైతే కస్టమర్‌కు మాస్క్ చేసిన ఆధార్ సంగతి కూడా చెప్పండి, అందులో చివరి నాలుగు అంకెలే కనబడతాయి.

దానంతట అదే జరిగేలా

గ్నోమ్ వాడేవాళ్లకు సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ట్రాష్‌ను కొన్ని రోజులకోసారి ఖాళీ చేసే మీట ఉంది, మొదట ఆపేసి ఉంటుంది. అది లేని చోట, చెప్పిన వేళకు ఆదేశాలు నడిపే క్రాన్ ఉంది. క్రాన్‌ట్యాబ్ -ఈ కొట్టి, తెరుచుకున్న ఫైలు చివర ఈ వరుస చేర్చండి:

0 11 * * * /యూఎస్ఆర్/బిన్/ట్రాష్-ఎంప్టీ -ఎఫ్ --ట్రాష్-డిర్=/హోమ్/స్టూడియో/.లోకల్/షేర్/ట్రాష్ 30

రోజూ పొద్దున 11 గంటలకు నడుస్తుంది. చాలా చోట్ల @డైలీ పెట్టమని రాసి ఉంటుంది, అది అర్ధరాత్రి 12కు నడుస్తుంది. మన దుకాణాలు రాత్రికే కట్టేస్తాం, కంప్యూటర్ ఆపేస్తాం. క్రాన్ తప్పిపోయిన వేళను మళ్లీ పట్టుకోదు, కాబట్టి ఆ పని ఎన్నటికీ జరగదు. కంప్యూటర్ కచ్చితంగా నడుస్తుండే గంటనే ఎంచుకోండి. -ఎఫ్ అంటే అడగకుండా చేయమని. మీ వెర్షన్ పాతదై ఆ ఆప్షన్ లేకపోతే తీసేయండి, పాతవి ఎలాగూ అడగవు. ట్రాష్-డిర్ ఇవ్వడం వల్ల ఆ సమయానికి ఏ పెన్‌డ్రైవ్ పెట్టి ఉన్నా దాన్ని ముట్టుకోదు.

ఆర్ఎమ్‌ను ఏం చేద్దాం

ఆర్ఎమ్ కొడితే ట్రాష్-పుట్ నడిచేలా మారుపేరు పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. నేను గట్టిగా వద్దంటాను, ట్రాష్-సీఎల్ఐ తయారుచేసినవాళ్లూ వద్దనే చెబుతారు. మీ కంప్యూటర్‌లో ఆర్ఎమ్ కొట్టినా ఏమీ కాదన్న ధీమా చేతికి అలవాటవుతుంది. అదే చేయి కాలేజీ ల్యాబ్‌లోని కంప్యూటర్ మీద, ఎక్కడో ఉన్న సర్వర్ మీద ఆర్ఎమ్ కొడుతుంది. అక్కడ మారుపేరు ఉండదు. సుడోతో కొట్టినప్పుడు మీ సొంత కంప్యూటర్‌లోనూ పనిచేయదు. పైగా ఆర్ఎమ్ ఫోల్డరును -ఆర్ లేకుండా తీయదు, ట్రాష్-పుట్ తీస్తుంది. రెండింటి స్వభావమే వేరు.

మంచి దారి ఇది. హోమ్‌లో ఉండే .బ్యాష్ఆర్‌సీ ఫైలు చివర రెండు వరుసలు రాయండి:

ఏలియాస్ టీపీ='ట్రాష్-పుట్'
ఏలియాస్ ఆర్ఎమ్='ఆర్ఎమ్ -ఐ'

రెండో వరుసలో కొటేషన్ల లోపలి ఐ పెద్ద అక్షరం. మూడు ఫైళ్లకు మించి తీసేస్తున్నప్పుడు, ఫోల్డరును తీసేస్తున్నప్పుడు ఒక్కసారి అడుగుతుంది. చిన్న ఐ పెడితే ప్రతి ఫైలుకూ అడుగుతుంది, విసుగొచ్చి వై మీద వేలు అలాగే ఉంచేస్తారు. రోజువారీ పనికి టీపీ అనే రెండు అక్షరాలు, నిజంగా పోవాల్సినవాటికి ఆర్ఎమ్.

ట్రాష్-సీఎల్ఐ ఎక్కించే వీలు లేని చోట గ్నోమ్ కుటుంబంలోని జీఐఓ ఆదేశం చేతిలో ఉంటుంది. జీఐఓ ట్రాష్ అని కొట్టి ఫైలు పేరు ఇస్తే పారేస్తుంది. కొత్త వెర్షన్లలో --లిస్ట్, --రీస్టోర్ కూడా ఉన్నాయి. /టీఎంపీ లాంటి చోట్ల ఉన్నవాటిని అది ట్రాష్‌కు పంపదు, కుదరదని చెబుతుంది. దాని --ఎంప్టీకి రోజుల లెక్క లేదు, అంతా పోతుంది.

ఇంకో చోటు కూడా చూడండి. ప్రోగ్రాములు రాసే వీఎస్ కోడ్‌ను స్నాప్ (ఉబుంటు వాళ్ల ప్యాకేజీ పద్ధతి) రూపంలో పెట్టుకున్నవాళ్లకు అందులోంచి డిలీట్ చేసినవి హోమ్ ట్రాష్‌కు రాకుండా ~/స్నాప్ ఫోల్డరు లోపల విడిగా పోగవుతూ వచ్చిన సందర్భాలున్నాయి. డిస్కు నిండింది, ట్రాష్ మాత్రం ఖాళీగా ఉంది అంటే డీయూ -ఎస్‌హెచ్ ~/స్నాప్ కొట్టి చూడండి.

ట్రాష్ కూడా దాటిపోయినప్పుడు

ఆర్ఎమ్‌తోనో, ఖాళీ చేయడంతోనో కావాల్సిన ఫైలు పోతే మొదట చేయాల్సింది ఆ డిస్కు మీద ఏమీ రాయకుండా ఆపడం. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు అయితే వెంటనే తీసేయండి. కంప్యూటర్ డిస్కే అయితే ఆపేసి, ఇంకో పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్‌ను లైవ్‌గా (డిస్కులో ఎక్కించకుండా) నడపండి. తర్వాత పోయిన ఫైళ్లను వెలికితీసే ఫొటోరెక్ ప్రయత్నించండి, టెస్ట్‌డిస్క్ పేరుతో ఏపీటీలో దొరుకుతుంది. బయటపడిన ఫైళ్లను వేరే డిస్కులోకే రాయించాలి, అదే డిస్కులోకి రాయిస్తే మిగిలిందీ చెరిగిపోతుంది. ఫొటోలు వచ్చినా పాత పేర్లు రావు, ఫోల్డర్లు రావు, అంకెల పేర్లతో కుప్పగా వస్తాయి. మెమరీ కార్డు మీద ఆశ పెట్టుకోవచ్చు. ఎస్ఎస్‌డీ మీద ఆశ తక్కువ. ఖాళీ అయిన జాగాను శుభ్రం చేసుకోమని డిస్కుకు చెప్పే ట్రిమ్ పని ఉబుంటులో వారానికోసారి దానంతట అదే నడుస్తుంది, అది నడిచాక ఫొటోరెక్‌కు ఏమీ దొరకదు. అందుకే ఎస్ఎస్‌డీ విషయంలో కంప్యూటర్ ఆపడం మర్నాటికి వాయిదా వేయొద్దు.